డబ్బా మీద 18, కౌంటర్ ముందు 12

కోనసీమ నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వెయ్యొద్దన్నారు. వయసు 36. తొమ్మిదేళ్లు కువైట్‌లో పనిచేసి 2021లో తిరిగొచ్చి, అమలాపురానికి దగ్గర్లో ఒక చిన్న టౌన్లో గేమ్ సెంటర్ పెట్టుకున్నారు. అయిదు ప్లేస్టేషన్లు, నాలుగు కంప్యూటర్లు, ఒక పాత ఏసీ. గంటకు 60 రూపాయలు. పెట్టుబడిలో లక్షన్నర అత్తగారింటి నుంచి వచ్చింది.

మొన్న మే నెలలో ఒక ఏడో తరగతి కుర్రాడు, వాళ్ల నాన్న కొబ్బరి దింపు కూలీలకి ఇవ్వడానికి బీరువాలో పెట్టుకున్న డబ్బులోంచి 3,000 తీశాడు. పది రోజుల్లో మొత్తం ఈయన సెంటర్లోనే, ఫుట్‌బాల్ ఆట మీద అయిపోయింది. తండ్రి వచ్చి వీధిలో నిలబడి అరిచాడు. మర్నాడు మరో నలుగురు తోడయ్యారు. స్టేషన్‌కి వెళ్తామన్నారు. భయపడి టౌన్లో ఉన్న నాలుగు సెంటర్ల వాళ్లూ టీ కొట్టు దగ్గర కూర్చుని ఒక మాట అనుకున్నారు: ఆట డబ్బా మీద ఎంత వయసు ఉంటే అంత నిండినవాళ్లకే ఆ ఆట ఇవ్వాలి. ప్రింటు తీయించి నాలుగు చోట్లా గోడకి అంటించారు.

ఈయన ఆ మాట మీదే ఉన్నారు. నాలుగో సెంటర్ సొంత బావమరిదిది. అక్కడ గోడ మీద కాగితమూ ఉంది, వెనక గదికి కర్టెనూ ఉంది. కర్టెన్ వెనక పదమూడేళ్ల వాళ్లు జీటీఏ ఆడుతున్నారు, కాల్పులు, దోపిడీలతో నిండిన, డబ్బా మీద 18 ఉన్న ఆట అది. ఫుట్‌బాల్ ఆటకైతే పందెం కూడానట, ఓడినవాడు ఇద్దరి గంటా కట్టాలి. జూన్ నుంచి ఈయన రాబడి నెలకి 38 వేల నుంచి 26 వేలకి పడిపోయింది. భార్య “మా తమ్ముడి కడుపు కొట్టకండి” అంటున్నారు. పన్నెండేళ్ల కొడుకు “మావయ్య దగ్గర అందరూ ఆడుతున్నారు, నాకొక్కడికే ఎందుకొద్దు?” అని రోజూ పేచీ. ఈయన అడుగుతున్నది ఇదీ: ఆ అంకెలకి మన దేశంలో చట్టం ఏమైనా ఉందా? లేకపోతే నేనొక్కణ్ణే ఎందుకు పాటించాలి? బావమరిది మీద ఫిర్యాదు చెయ్యాలా, నేనూ కర్టెన్ కట్టుకోవాలా, మూసేసి మళ్లీ కువైట్ పోవాలా?

*

మీ మొదటి ప్రశ్నకి జవాబు చిన్నదండీ. లేదు.

సినిమాకి మనకి సెన్సార్ బోర్డు ఉంది, 1952 నాటి చట్టం ఉంది. వీడియో గేములకి అలాంటి బోర్డు లేదు. మీ డిస్కు డబ్బా మీద ఎర్ర గడిలో 18 అని ఉంటే అది యూరప్ వాళ్ల ‘పెగి’ ముద్ర. 2003లో మొదలైంది. తెల్ల గడిలో నల్లగా ఎమ్ అనే అక్షరం ఉంటే అది అమెరికా వాళ్ల ‘ఈఎస్ఆర్‌బీ’ ముద్ర, పదిహేడేళ్లు నిండినవాళ్లకని అర్థం. రెండూ ఆటల కంపెనీలు తమకోసం తాము ఏర్పాటు చేసుకున్న పద్ధతులే. బ్రిటన్ 2012లో పెగి అంకెలకి చట్టబలం ఇచ్చింది కాబట్టి అక్కడ చిన్నపిల్లాడికి 18 ఆట అమ్మితే నేరం. మన దగ్గర అలాంటిదేమీ లేదు. 2023లో కేంద్రం ఆన్‌లైన్ ఆటల కంపెనీలే సంఘాలు పెట్టుకుని తమని తాము అదుపు చేసుకోవాలని రూల్స్ తెచ్చింది. ఒక్క సంఘానికీ గుర్తింపు రాకుండానే 2025 ఆగస్టులో కొత్త చట్టం వచ్చి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. అందులో కూడా మీ డబ్బా మీద 18కి బలం ఇచ్చే మాట లేదు.

చట్టం ఉంటే అంతా సర్దుకునేదని మీ ఉత్తరంలో రెండు చోట్ల రాశారు. కోడిపందేలకి చట్టం లేకనా, సంక్రాంతి మూడు రోజులూ మన చుట్టుపక్కల బరులు వెలుస్తున్నాయి? మీకు నేను చెప్పక్కర్లేదు.

మరి చట్టం లేనిచోట మాట ఎలా నిలుస్తుంది? మీ టీ కొట్టు ఒప్పందం లాంటిదే అమెరికాలో చాలా పెద్ద ఎత్తున జరిగింది. అది కొంచెం వివరంగా చెప్తాను, మీకు పనికొస్తుంది.

1993 డిసెంబరులో అక్కడి సెనేట్‌లో మోర్టల్ కాంబాట్, నైట్ ట్రాప్ అనే ఆటల్లో హింస పిల్లలకి తగదంటూ విచారణ జరిగింది. మీరు పద్ధతి పెట్టుకోండి, లేకపోతే మేమే చట్టం తెస్తాం అన్నారు సెనేటర్లు. మీ వీధిలో ఆ తండ్రి అరిచినట్టే. కంపెనీలన్నీ కూర్చుని 1994లో ఈఎస్ఆర్‌బీ పెట్టుకున్నాయి. అంటే స్వీయ నియంత్రణ అనే పెద్ద మాట వెనక ఉన్నది మంచితనం కాదు, భయం. మీరు నలుగురూ భయంతో కూర్చున్నామని సిగ్గుపడుతూ రాశారు. అక్కర్లేదు. అందరూ అలాగే కూర్చున్నారు.

కాగితం గోడకెక్కిన తర్వాత ఏమైంది? ముద్ర వచ్చిన ఆరేళ్లకి, 2000లో, అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అనే ప్రభుత్వ సంస్థ పదమూడు నుంచి పదహారేళ్ల పిల్లల్ని పెద్దవాళ్లు లేకుండా షాపులకి పంపి చూసింది. నూటికి 85 మంది పిల్లలు ఎమ్ ముద్ర ఉన్న ఆటని చక్కగా కొనుక్కొచ్చారు. అంటే ఆరేళ్లపాటు వాళ్లందరికీ కర్టెన్లే. అదే పరీక్ష మళ్లీ మళ్లీ చేస్తూ పోయారు, షాపుల ఫలితాలు పేర్లతో సహా బయటపెడుతూ వచ్చారు. 2013లో చెప్పిన లెక్క నూటికి 13. ఈ మధ్యలో కాలిఫోర్నియా 2005లో పిల్లలకి హింస ఉన్న ఆటలు అమ్మకూడదని చట్టం చేస్తే, 2011లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. చట్టం నిలబడలేదు. షాపువాడు మాత్రం గుర్తింపు కార్డు అడగడం నేర్చుకున్నాడు.

ఎందుకు నేర్చుకున్నాడంటే, తప్పితే పోయేది ఏదో ఉంది కాబట్టి. 2005లో జీటీఏ వరసలోనే వచ్చిన శాన్ ఆండ్రియాస్ ఆటలో దాచిపెట్టిన అసభ్య సన్నివేశం ఒకటి బయటపడింది. ఈఎస్ఆర్‌బీ దాని ముద్రని ఎమ్ నుంచి పెద్దలకి మాత్రమే అనే దానికి మార్చింది. పెద్ద షాపులు ఆ ముద్ర ఉన్నవి పెట్టవు, ప్లేస్టేషన్ లాంటి మెషిన్ల కంపెనీలు వాటిని తమ మెషిన్ల మీదకి రానివ్వవు. ఆట అరల్లోంచి దిగిపోయింది. కంపెనీ ఆ ముక్క తీసేసి కొత్త కాపీలు వేసుకోవాల్సి వచ్చింది. పోలీసు రాలేదు, కోర్టు చెప్పలేదు. డబ్బు పోయింది, అంతే.

మాది కాలవ శివారు పొలం. దాళ్వాకి, అంటే రెండో పంటకి, నీళ్లు వంతుల మీద వచ్చేవి. వంతు అందరూ ఒప్పుకున్నదే, పై రైతులతో సహా. అయినా రాత్రి పూట ఎవడో ఒకడు తూము ఎత్తేవాడు. కాలవ కాపలా చూసే లస్కరు సైకిలు మీద టార్చి వేసుకుని గట్టు వెంట తిరిగిన వారం మా పొలానికి నీళ్లొచ్చేవి. ఆయన రాని వారం నెర్రెలు తీసేది. మీ టీ కొట్టు ఒప్పందంలో వంతు ఉంది. లస్కరు లేడు. మీ బావమరిది చెడ్డవాడని నేను అనుకోవడం లేదు. పై తూము దగ్గర ఉన్నాడు, అంతే.

ఇప్పుడు మీ ఉత్తరంలో మీరు గమనించకుండా రాసిన ఒక వాక్యం దగ్గరికి వస్తాను. ఆ కుర్రాడు 3,000 ఖర్చుపెట్టింది ఫుట్‌బాల్ ఆట మీద. ఆ ఆటల మీద పెగి అంకె చూశారా? చాలా ఏళ్లుగా 3. మూడేళ్ల పిల్లాడికి కూడా పనికొస్తుందని. ఆ అంకె చెప్పేది ఆటలో నెత్తురు ఎంత, బూతులు ఎన్ని, జూదం ఉందా లేదా లాంటివే. ఎన్ని గంటలు కూర్చుంటాడు, డబ్బు ఎక్కడిది అన్నది ఆ అంకెకి తెలీదు. ఆట లోపల డబ్బు పెట్టి కొనేవి ఉన్నాయని డబ్బా మీద చెప్పడం కూడా 2018 నుంచే మొదలైంది. మీ ఒప్పందం మే నెలకి ముందే అమల్లో ఉన్నా, నలుగురూ నిజాయితీగా పాటించినా, ఆ తండ్రి బీరువాలో డబ్బు పోయేదే. ఆయన అరిచింది ఒకందుకు, మీరు కాగితం రాసుకున్నది ఇంకొకందుకు.

వయసు అంకె పనికిరాదని కాదు నేను చెప్తున్నది. పదమూడేళ్ల వాడికి జీటీఏ ఇవ్వకపోవడం సరైన పనే. కానీ మీ టౌన్లో తల్లిదండ్రులకి కావలసింది అదొక్కటే కాదు. బహుశా మొదటగా కావలసింది అది కానే కాదు.

ఇంకో మాట. పిల్లలు ఎలాగూ ఫోన్లో ఆడుతున్నారు, నా దగ్గర ఆపితే ఏం లాభం అని రాశారు. నిజమే. ఫోన్లో ప్లే స్టోర్‌లో కనిపించే 12, 16 అంకెలు 2015 నుంచి ఒక ప్రశ్నల పట్టికతో వస్తున్నాయి. ఆట తయారుచేసినవాడే జవాబులు నింపుతాడు, అంకె దానంతట అదే పడుతుంది. ఏదైనా తేడా ఉంటే తర్వాత సరిచేస్తారు. అక్కడ పిల్లాడి ఎదురుగా ఎవరూ లేరు. తల్లో తండ్రో సెట్టింగ్స్‌లోకి వెళ్లి పిన్ పెడితేనే అది ఆపుతుంది, అప్పటికే దించుకున్న ఆటని అదీ ఆపదు. క్రాక్ కాపీకి, అంటే కొనకుండా ఎక్కించుకున్న దొంగ కాపీకి, ఇవేవీ లేవు. ఈ మొత్తం గొలుసులో, కంపెనీ నుంచి పిల్లాడి దాకా, పిల్లాడి మొహం చూసే మనిషి మీరొక్కరే. మీసం వచ్చిందా రాలేదా, స్కూలు యూనిఫారం చొక్కా మార్చుకుని వచ్చాడా అని కనిపెట్టగలిగేది ఆ కౌంటర్ దగ్గర మీరే. నేనొక్కణ్ణే ఎందుకు అన్నారు కదా, అందుకు.

సరే, ఇక మీ ముందున్న దారులు.

కర్టెన్ కట్టుకుంటే పోయిన 12 వేలూ వెనక్కి వస్తాయని అనుకుంటున్నారు. ఒప్పందం మే నెలది, పడిపోవడం జూన్ నుంచి. జూన్లో బళ్లు తెరిచారు. నిరుడు, అంతకు ముందేడు జూన్, జులై నెలల్లో మీకు ఎంత వచ్చిందో పుస్తకం తీసి చూడండి. తేడాలో సగం సెలవులు అయిపోవడం వల్లే అయి ఉంటే, మీరు కర్టెన్ కట్టి తెచ్చుకునేది ఆ మిగతా సగమే. దానికి మీరిచ్చే ఖరీదు తక్కువ కాదు. ఈసారి వచ్చే తండ్రికి సాక్ష్యం వెతుక్కునే పనుండదు, మీ గోడ మీదే మీ నాలుగు సంతకాలు ఉన్నాయి. కాగితం లేని కొట్టు కన్నా కాగితం అంటించి తప్పిన కొట్టు మీదే ఊరికి కోపం ఎక్కువ.

ఫిర్యాదు మాట. వయసు అంకె మీద పోలీసులు చెయ్యగలిగింది ఏమీ లేదు, పైన చెప్పాను. పందెం సంగతి వేరు. పిల్లల మధ్య గంట డబ్బులే కావచ్చు, పందెం అన్న మాట పడితే పోలీసు గడప తొక్కుతాడు. తొక్కితే ఒక్క సెంటర్‌తో ఆగడు. నాలుగు చోట్లా లైసెన్సు అడుగుతారు, కంప్యూటర్లలో ఆటలు కొన్నవా, ఎక్కించుకున్నవా అని చూస్తారు. మీవి ఎలాంటివో మీరు రాయలేదు, నేను అడగను. ఇంట్లో మాత్రం ఆ రోజు నుంచి మీ ఆవిడ పుట్టింటికీ మీకూ మధ్య నిలబడాల్సి వస్తుంది. ఆ లక్షన్నర మాట ఏదో ఒక పండగ పూట నలుగురిలో బయటికొస్తుంది. ఇవన్నీ తట్టుకోగలం అనుకుంటే ఫిర్యాదు తప్పేమీ కాదు. నేనైతే అది చిట్టచివర పెట్టుకుంటాను.

మూడో దారి ఆ ఒప్పందాన్నే మళ్లీ రాసుకోవడం. నాకు ఇటే మొగ్గు, అందుకే ఇందులో ఉన్న ఇబ్బందులు కూడా చెప్పాలి. ఈసారి తప్పితే పోయేది ఏదో ఉండాలి. తలా 5,000 టీ కొట్టాయన దగ్గరో, నలుగురికీ నమ్మకమైన ఇంకెవరి దగ్గరో పెట్టండి. తప్పినవాడి డబ్బు మిగతావాళ్లకి. తప్పాడని తెలియడానికి అమెరికా వాళ్లు చేసిందే చెయ్యండి: పధ్నాలుగేళ్ల కుర్రాణ్ణి ఒకణ్ణి, వాళ్ల అమ్మానాన్నలకి చెప్పి, నెలకోసారి నాలుగు సెంటర్లకీ పంపండి. మీ దానికీ పంపండి, మీరు లేని పూట. మీ దగ్గర పనిచేసే పంతొమ్మిదేళ్ల కుర్రాడు స్నేహితుల తమ్ముళ్లకి ఏమిస్తున్నాడో మీకూ తెలియాలి కదా. అయిదు ప్లేస్టేషన్లలో రెండింటికి వయసు హద్దు పెట్టి పాస్‌కోడ్ వెయ్యండి, చిన్నవాళ్లు వాటి మీదే ఆడాలి. కోడ్ మీ దగ్గరే ఉండాలి, కుర్రాడికి చెప్పారంటే లేనట్టే.

అంకెతో పాటు గంటలూ డబ్బులూ కూడా ఆ కాగితంలోకి రావాలి. పదహారు లోపు వాళ్లకి రోజుకి రెండు గంటలు. బడి వేళల్లో రానివ్వకూడదు. పిల్లాడు అయిదొందల నోటు తీస్తే ఆటకి ముందు ఇంటికి ఫోన్. ఇందులో ఏదీ ఏ బోర్డూ మీకు ముద్ర వేసి ఇవ్వదు, మీ టౌన్‌కి మీరే రాసుకోవాలి.

ఇబ్బంది ఏమిటంటే రాబడి ఇంకొంచెం తగ్గొచ్చు. రెండు గంటలకే లేవమంటే కొందరు మళ్లీ రారు, ఫోన్లు పట్టుకుని అరుగుల మీద కూర్చుంటారు. పెద్దింటి పిల్లాడి ఇంటికి ఫోన్ చేస్తే నీకెందుకయ్యా అని మీకే చీవాట్లు పడొచ్చు. బావమరిది డబ్బు పెట్టనూ అనొచ్చు. అలా అంటే మీరు ముగ్గురూ పెట్టుకోండి, కొత్త కాగితం మీద ముగ్గురి సెంటర్ల పేర్లే వెయ్యండి. నాలుగో పేరు గురించి మీరేం మాట్లాడొద్దు. చదివినవాళ్లే అడుగుతారు.

ఈ చివరి ముక్క మీ ఆవిడకి ముందు చెప్పాలి, కాగితం అచ్చయ్యాక కాదు. లేకపోతే తమ్ముణ్ణి వెలేశారనే ఆవిడ అనుకుంటారు, ఆవిడ తప్పూ కాదు అది. అతనితో కూడా ముందు ఒక్కరే మాట్లాడండి. సెంటర్లో వద్దు, అత్తగారి ముందు అసలే వద్దు. ఏ రేవు గట్టునో కూర్చుని, ముందు పందెం సంగతి ఎత్తండి, ఆటల సంగతి తర్వాత. పందెం వల్ల ముంచుకొచ్చేది అతని మీదకే కాబట్టి, మీ రాబడి కోసం మాట్లాడుతున్నట్టు ఉండదు. పందెం ఒక్కటి మానేసి జీటీఏ మానకపోయినా, ఆ పూటకి అది చాలనుకుని లేవండి. లక్షన్నర గురించి అతను ఎత్తితే అప్పు వేరు, ఇది వేరు అని ఒక్కసారి చెప్పి ఊరుకోండి. వీలైతే నెలకి ఇంతని తీర్చడం మొదలుపెట్టండి. అప్పు ఉన్నన్నాళ్లూ మీ గొంతు లేవదు.

కువైట్ గురించి ఎక్కువ రాయను. ఉత్తరంలో అది ఒక్క వాక్యం, అదీ కొట్టేసి మళ్లీ రాశారు.

మీ అబ్బాయికి “అంకె ఉంది కాబట్టి వద్దు” అన్న జవాబు చాలదు. చాలదని వాడే మీకు రోజూ చెప్తున్నాడు. డబ్బా వెనక్కి తిప్పి చూపించండి. పెగి వాళ్లు అక్కడ చిన్న బొమ్మలు వేస్తారు, పిడికిలి బొమ్మ ఉంటే కొట్టుకోవడం, పాచికలు ఉంటే జూదం, సిరంజి ఉంటే మత్తు మందులు. ఈ బొమ్మ ఎందుకుందో వాడితోనే చెప్పించండి. పన్నెండేళ్ల వాడు మనం అనుకున్న దానికంటే బాగా చెప్తాడు. ఆదివారం షట్టర్ తీసేముందు వాడి వయసుకి తగిన ఆట ఒకటి వాడితో కూర్చుని ఆడండి. కౌంటర్‌లో లెక్క చూసుకుంటూ పక్కన కూర్చోవడం లెక్కలోకి రాదు. మావయ్య దగ్గర అందరూ ఆడుతున్నారంటే మావయ్యని తిట్టొద్దు. మావయ్య సెంటర్ మావయ్యది, ఇది మనది అనండి. కొన్నాళ్లు మూతి ముడుచుకుంటాడు.

చివరిగా ఒక్క పని, ఏ దారిలో వెళ్లినా చెయ్యదగ్గది. ఆ 3,000 పోగొట్టుకున్న తండ్రి ఇంటికి వెళ్లండి. డబ్బు తిరిగిచ్చెయ్యమని కాదు, అది మీ ఇష్టం. కొత్త కాగితంలో ఏముండాలని ఆయన్నే అడగండి. మీ నలుగురిలో ఎవరికీ లేని కోపం ఆయనకి ఉంది. నెలకోసారి కుర్రాణ్ణి పంపి చూసే పని, ఆ డిపాజిట్ దాచే పని, ఆయన ఒప్పుకుంటే ఆయనకే అప్పగించండి. ముందు గుమ్మంలోనే నిలబెట్టి నాలుగు మాటలు అంటారు. దసరా సెలవులు మొదలయ్యే లోపు వెళ్తే మంచిది, సెలవుల మొదటి రోజు నుంచే సెంటర్లు నిండిపోతాయి.